అంటుకోకూడని పొడి

తొంభైల్లో చిక్కడపల్లిలోని మా మేడమీది గదిని మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థినికి కిరాయికిచ్చాం. అప్పటికి నేను నారాయణగూడలో నడిపిన మైకుసెట్ల దుకాణం మూసేసి ఖాళీగా ఉన్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత సైన్సు పుస్తకాలతో కుస్తీ పట్టి, అయస్కాంతం సంగతి తెలిసిందనుకునేవాణ్ణి. ఆ అమ్మాయి వచ్చాక ఆ ధీమా కాస్తా పోయింది.

ఒక సాయంత్రం ఆమె చిన్న సీసా పట్టుకుని దిగి వచ్చింది. లోపల కారంలాంటి ఎర్రటి పొడి.

"తాతా, నీ దగ్గర స్పీకర్ మాగ్నెట్ ఉన్నదా?"

నా ఇంట్లో అది లేకపోవడమేమిటి! నడుమ బెజ్జమున్న నల్లటి చక్రం తీసి, పాలిథిన్ కవరు చుట్టి ఇచ్చాను. అది మా మైకువాళ్ల అలవాటు. కవరు లేకపోతే అంటుకున్న ఇనుపరజను ఒక పట్టాన ఊడిరాదు. ఆమె పొడిని కాగితం మీద చల్లి, కింద చక్రాన్ని జరిపింది. చక్రం ఎటు పోతే పొడి అటు పాకింది.

"చూసినవా? ఇది అంటుకోవద్దు. పుస్తకాలల్ల గట్లనే ఉన్నది."

అది జింకు, ఇనుము, ఆక్సిజను కలిసిన పదార్థం. మామూలుగా అది అయస్కాంతాన్ని లెక్కచేయదు. ఆమె దాన్ని ఉక్కు గుండ్లు వేసిన ఉక్కు గిన్నెలో, యంత్రం మీద గంటలకొద్దీ నూరింది. అప్పటినుంచీ అంటుకుంటోంది. నూరడం వల్లే ఆ గుణం వచ్చిందని థీసిస్‌లో ఒక అధ్యాయం రాసింది. గైడు చూసి, గిన్నెలోంచి పొడిలోకి ఉక్కు రాలిందంతే అని, అధ్యాయం తీసెయ్యమన్నాడట. రెండేళ్ల కష్టం ఆ అధ్యాయంలోనే ఉంది.

నాకూ గైడు మాటే నిజమనిపించింది. దుకాణంలో ఆకురాయి పట్టిన ప్రతిసారీ రజను ఎగిరి స్పీకరు సందులో దూరేది, దాని గొంతు గరగరలాడేది.

"ఇనుపరజనే, బిడ్డా."

"నువ్వు గూడ ఆయన పార్టీయేనా తాతా?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఎవల పార్టీ అయితేంది, ఆ సీస పొయ్యికాడ వెట్టకు బిడ్డా. కారమనుకొని చారుల ఏస్త. రేపు మీ తాత పోయి బీరువాకు అంటుకుంటడు."

నవ్వు ఆగాక అడిగాను. "నూరితే ఏమైతదంటవ్?"

"అశోక్‌నగర్ల హాస్టల్ అనుకో. రెండు తీర్ల రూములు. చిన్న రూములల్ల జింకు, పెద్ద రూములల్ల ఇనుము, ఒక్కొక్కటి ఒక చిన్న మాగ్నెట్. పెద్ద రూములోళ్లు వాళ్లల్ల వాళ్లే లొల్లి వెట్టుకుంటరు, ఎటూ తేలది. నూరినంక కొంచెం జింకు పెద్ద రూములకు పోతది, గంత ఇనుము చిన్న రూములకొస్తది. ఈ రూములోళ్లు ఇటంటే ఆ రూములోళ్లు అటంటరు. కని పెద్ద రూములల్ల మంది ఎక్కువ. ఆ మిగిలిన బలమే మాగ్నెట్."

"ఒకలకొకలు ఎదురుతిరిగితే బలమెట్లొస్తది?"

"గదే తాతా మజా!"

నాకు మజా కనిపించలేదు, మండింది. నా నల్ల చక్రం కూడా ఉత్త ఇనుము కాదనీ, తుప్పులాంటిదాన్ని మరొక లోహంతో కలిపి కుండలా కాల్చిందేననీ అదే రోజు చెప్పింది. జీవితమంతా చేత్తో పట్టుకున్న వస్తువు అది! నేను కొన్న ఇన్ని పుస్తకాల్లో ఒక్కటీ ఆ ముక్క చెప్పలేదేం?

తర్వాత ఆమె ఆ పొడిని ల్యాబు కొలిమిలో వేడిచేసింది. వేడికి జింకు తిరిగి తన గదికి చేరుతుందట. పొడి నిజంగానే అంటుకోవడం మానేసింది. ఆమె మెట్లమీద పరుగున దిగి వచ్చి చూపించింది.

"ఉక్కురజను గూడ కాలిస్తే తుప్పయితది గద బిడ్డా. అది గూడ అంటుకోదు."

ఆమె కూలబడింది. "మా సార్ గూడ గిదే అన్నడు."

ఆ తర్వాత ఎన్నో వారాలు నా దగ్గరికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో మరో సీసా ఉంది. ఈసారి ఉక్కు మాటే లేదు. జింకు, ఇనుము లవణాలను గాజుపాత్రలో నీటిలో కరిగించి, క్షారం పోసి, అడుగున దిగిన మడ్డిని కడిగి ఆరబెట్టిందట. ఎత్తిపోసింది కూడా ప్లాస్టిక్ చెంచాతోనే.

కొత్త కవరు చుట్టి చక్రం ఇచ్చాను. పొడి మొదటిదానిలా పరుగెత్తలేదు. ఆమె కాగితం కింద చక్రాన్ని మరోసారి జరిపింది. కాసేపటికి అంచు ఒకవైపు ఒరిగి, నెమ్మదిగా కదిలింది.

"పోతున్నది!" అంది మా ఆవిడ.

ఆ పొడి అయస్కాంత బలాన్ని ల్యాబులో కొలిపించాక గైడు అధ్యాయాన్ని ఉండనిచ్చాడు. శీర్షిక చివర మాత్రం ప్రశ్నార్థకం పెట్టమన్నాడు. ఆమె మిఠాయి తెచ్చి అడిగింది.

"ఇప్పుడేమంటవ్ తాతా?"

"గాజుల జేసినదానికి ఒప్పుకుంట. గిన్నెల నూరినదాంట్ల ఉక్కెంత, రూములు మారింది ఎంత? అది జెప్పు."

ఆమె ఈసారి కూలబడలేదు. మిఠాయి నా నోట్లో పెట్టి, నవ్వుతూ అంది.

"మా సార్ గూడ గిదే అన్నడు."