డ్యాష్‌బోర్డు మీద లేసు

భీమవరంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో నీడున్న చోటంతా ముందొచ్చిన వాళ్ళది. నరసాపురం దగ్గరి మా ఊరి నుంచి వెళ్ళే నేను ఏనాడూ ముందు వెళ్ళింది లేదు. అందుకని నా కారు ఏళ్ళ తరబడి ఎండలోనే నిలబడింది. చివరికి డ్యాష్‌బోర్డు స్టీరింగు పక్క నుంచి ఏసీ గాలి వచ్చే చోటు దాకా చీలింది.

“బండి నడుస్తోందిగా, వదిలెయ్,” అన్నారు మా ఆయన. రొయ్యల చెరువుల గట్ల మీద సొట్టలు పడ్డ బండితో తిరిగే మనిషి అంతకన్నా ఏమంటారు? నేను వదిలే రకాన్ని కాను.

మెకానిక్ మొత్తం మార్చేద్దామండి అన్నాడు. ఏమేం విప్పుతావని అడిగితే సగం కారు చెప్పాడు. “మళ్ళీ బిగించాక గతుకుల్లో గలగలమనదు కదా?” అంటే తల గోక్కున్నాడు. చీలికలో లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది రంగు కొట్టొచ్చు, కానీ అదే ఎండకి పక్కన ఇంకోటి చీలుతుంది. స్టిక్కరు అంటిస్తే వేడికి బుడగలు లేస్తాయి. పైన అంటించే ప్లాస్టిక్ తొడుగు నా పాత మోడలుకి దొరకలేదు. ఇక మిగిలింది గుడ్డ పరచడం. ఆ మాటే ఇంటికొచ్చి చెప్పాను.

“గుడ్డ కొనడమేంటి, ఇంట్లో నేనుండగా?” అన్నారు మా అత్తగారు.

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఊహ తెలిసినప్పటి నుంచి లేసు అల్లిన మనిషి. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు కొన్నాళ్ళు ఆపమన్నారు. ఈలోగా దారం తెచ్చిచ్చే ఏజెంటు ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. చూపు తిరిగొచ్చింది గానీ పని తిరిగి రాలేదు. “ఇంక నేనెందుకు పనికొస్తానులే,” అంటూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునేవారు. అలా చూడలేకపోయేదాన్ని. ఆ చేతుల్లోకి మళ్ళీ సూది రావాలి, నాకంతే కావాలి.

మా వైపు కదలని వస్తువు కనిపిస్తే దాని మీద లేసు పడాల్సిందే. టీవీ మీద, ఫ్రిజ్ మీద, చివరికి మిక్సీ మీద కూడా. కాబట్టి కారు మీద లేసంటే ఎవరికీ వింతగా అనిపించలేదు. పాత పేపరు పరిచి కొలత తీశాను. ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత ఉన్నంత మేరా వదిలేయమన్నాను.

“అంత మంచి చోటు బోసిగా ఉంచుతావా?”

“అక్కడేమీ కప్పకూడదండీ. కారు దేన్నైనా గుద్దితే ఆ మూత తెరుచుకోవాలి.”

సరేనన్నారు. తెల్లటి దారంతో పూలూ తీగలూ అల్లి, కుంకుడు రసంతో ఉతికి, గంజి పెట్టి ఇచ్చారు. కింద టేపు వేసి పరిచాను. ఎంత బాగుందో చెప్పలేను.

పొద్దున కాలేజీకి వెళ్ళేటప్పుడు ఎండ వెనక ఉంది, ఏమీ అనిపించలేదు. ఒంటిపూట సెలవిస్తే మధ్యాహ్నమే బయల్దేరాను. ఎండ ఎదురుగా పడేసరికి లేసు మొత్తం ముందద్దంలో తేలింది. రోడ్డంతా తెల్ల పూలే. ఆ పూల వెనక ఐసు మోసుకొచ్చే ఆటో ఉందని దగ్గరికొచ్చాక గాని తెలియలేదు. బ్రేకు తొక్కి, కాలవ పక్కన ఆపి, లేసు తీసి వెనక సీటులో పెట్టాను.

“ఇంటి దగ్గర పరుచుకో, ఊరు దాటాక తీసెయ్. అమ్మకేం తెలుస్తుంది?” అన్నారు మా ఆయన, జరిగింది చెబితే. నాకు ఒళ్ళు మండింది. బాగాలేదంటే విప్పి మళ్ళీ అల్లడం ఆవిడకి కొత్త కాదు. అలాంటి మనిషికి చేతకాని పిల్లకి చెప్పినట్టు అబద్ధం చెబుతామా?

మర్నాడు మధ్యాహ్నం లేసు పరిచి, కారుని ఎండకి ఎదురుగా తిప్పి, ఆవిడని ముందు సీటులో కూర్చోబెట్టాను. అద్దంలోకి చూశారు. తల అటూ ఇటూ వంచి మళ్ళీ చూశారు. మళ్ళీ వరండాలోకే వెళ్ళిపోతారేమోనని నాకు భయం పట్టుకుంది.

“రోడ్డేదీ?” అన్నారు.

“అదేనండీ ఇబ్బంది.”

“అయితే తెలుపు పనికిరాదు. నల్లదారం తే.”

నల్లదారమంటే లేసు అల్లేవాళ్ళు ఆమడ దూరం పోతారు, కుట్టు కంటికి ఆనదని. “కళ్ళకి కష్టం కదండీ,” అన్నాను.

“కళ్ళు నావా, నీవా?”

ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని, పగటి వెలుతురులోనే అల్లారు. కన్ను అలిసినప్పుడు ఆపారు, తప్పు పడిన చోట విప్పారు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మెరుపులేని ఆ నల్ల లేసు పరిచాక చీలిక కనబడలేదు, అద్దంలో పూలూ కనబడలేదు.

ఎండ నడినెత్తిన ఉండగా నరసాపురం దాకా వెళ్దామన్నారు. ముందు సీటులో కూర్చుని దారంతా అద్దంలోంచే చూస్తూ వచ్చారు. నరసాపురంలోకి వచ్చాక అడిగారు:

“మీ కాలేజీలో ఇంకెవరి కార్లలోనైనా ఇలా చీలిందేంటే?”

“చాలా ఉన్నాయండీ.”

“అయితే ఉన్న దారం చాలదు. బజారు వైపు తిప్పు,” అన్నారు.