ఫెయిర్ కాపీలో పుట్టిన రెండో భాగం

సినిమా ఆఫీసుల్లో ఆయన్ని మొదటిభాగం మాస్టారు అనేవారు. పదిహేనేళ్ల కిందట ఒక పోస్టుమాన్ కథ రాస్తే సినిమా విరగబడి ఆడింది. అప్పట్నుంచీ ఆయన పాదాలు నేలకు ఆనడం మానేశాయి. రెండో భాగం అన్న మాట చెవిన పడితే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అందుకునేవారు.

"మొదటిదాన్ని మించిన రెండోది లోకంలో ఉందేమో చూపించవయ్యా. నా పేరు మార్చుకుంటా."

పేరు మార్చుకోవడానికి ఆయనకు ఇంకో పేరేమీ మిగల్లేదు. ఆ ఒక్క సినిమా తర్వాత రాసినవన్నీ బోర్లాపడ్డాయి.

ఆయన దస్తూరీ కోడి కెలికినట్టుంటుంది. దాన్ని చదవగలిగిన మనిషి లోకం మొత్తమ్మీద ఒక్కరే, ఆయన భార్య. పెళ్లైన నాటినుంచీ ప్రతి స్క్రిప్టునూ ఆవిడే ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిర్ కాపీ చేసేది. ఆయన దాన్ని తిప్పి కూడా చూసేవారు కాదు. నేను రాసింది నాకు తెలియదా అని ధీమా.

నిర్మాత వెంటపడి వెంటపడి పోస్టుమాన్ రెండో భాగానికి ఒప్పించాడు. మాస్టారు ముక్కుతూ మూలుగుతూ ఇరవై సీన్లు గీకారు. ఆ తర్వాత 'ఇక్కడ ఏదో ఏడుపు', 'ఇక్కడ పాత డైలాగే' అని రాసి కాగితాలు భార్య ముందు పడేశారు.

"మిగతాది నువ్వే పూడ్చెయ్. రెండో భాగం ఎవడు చూడొచ్చాడు!"

ఆవిడ పూడ్చడానికే కూర్చుంది. కూర్చున్నాక చెయ్యి ఆగలేదు. వెనక్కి వెళ్లి మొదటి సీను నుంచీ కొత్తగా రాసేసింది. షూటింగులో ఏ సందేహం వచ్చి ఫోను చేసినా, "రాత సంగతి ఆవిణ్ణడగండి" అని మాస్టారు రిసీవరు అందించేసేవారు. అటువైపు నిర్మాత శ్రద్ధగా వినేవాడు.

విడుదలైన రోజు మ్యాట్నీకి ఆయన భార్యను వెంటబెట్టుకుని మరీ వెళ్లారు, సినిమా ఎలా చతికిలబడుతుందో కళ్లారా చూద్దామని. తెర మీద నడిచేదేదీ ఆయన రాసింది కాదు. మొదటి భాగంలో పోస్టుమాన్ పెళ్లానికి ఉన్నవి నాలుగే మాటలు, నాలుగూ 'అన్నానికి లేవండి' అనే. ఇప్పుడామె రిటైరై కుర్చీలో చతికిలబడ్డ మొగుణ్ణి నిలబెట్టి అడుగుతోంది.

"ముప్పై ఏళ్లు ఊరందరికీ ఉత్తరాలు పంచారు. నాకొక్కటైనా రాశారా?"

మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్నందుకు ఆయనకే ఒళ్లు మండిపోయింది. పక్క సీటాయన ముక్కు చీదుకుంటూ, "మొదటిది దీని ముందు దిగదుడుపేనండీ" అన్నాడు. ఎవరితో అంటున్నాడో పాపం ఆయనకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే నిర్మాత మూడో భాగం అగ్రిమెంటుతో వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. మాస్టారు వంటింట్లోకి పరిగెత్తారు.

"ఆయనకేం చెప్పమంటావ్? పరువు తీశావు కదే!"

"నిజం చెప్పండి."

"నిజం చెబితే నేనేమైపోవాలి?"

ఆవిడ స్టవ్వు తగ్గించి ఆయన ముఖంలోకి చూసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగుందే అంటారేమోనని. ఆయన అనలేదు. ఆయన్ని వేరే భయం పట్టుకుంది. గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పు. మొదటిదాంట్లో కూడా నీ చెయ్యి ఉందా?"

"అబ్బే, ఒక్క అక్షరం ముట్టుకోలేదండి. మీరెలా రాస్తే అలాగే దించాను."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఛాతీ విరుచుకుని ముందు గదిలోకి నడిచారు.

"చూడండి, దాపరికం ఎందుకు! రెండోదాంట్లో మా ఆవిడ కాస్త చెయ్యి వేసింది. మొదటిది మాత్రం అక్షరం అక్షరం నాదే!"

"తెలుసండీ," అన్నాడు నిర్మాత, పెన్ను మూత తీస్తూ. "అందుకే అగ్రిమెంటు అమ్మగారి పేర రాయించాను. ఒకసారి పిలవండి. మీరు సాక్షి సంతకం పెడితే చాలు."