గాలి చొరని పెట్టె

వీధిలో అందరూ ఆయన్ని ‘ఐదు నిమిషాలాయన’ అంటారు. గడియారాల రిపేరు కొట్టు ఆయనది. గడియారం చేతికిచ్చి ఎప్పుడు రమ్మంటారని అడిగితే ఐదు నిమిషాల్లో అంటాడు. వారం తర్వాత వెళ్లి అడిగినా అదే మాట. అందరి గడియారాలూ సరిచేసే ఈ మహానుభావుడు తాను మాత్రం ఎక్కడికీ వేళకు చేరిన పాపాన పోలేదు. మిగతావన్నీ ఒక ఎత్తు, భార్య బడి వార్షికోత్సవం ఒక ఎత్తు. ఆవిడ డ్రిల్లు టీచరు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఏటా రమ్మని పిలిచింది. ఏటా వస్తానన్నాడు. ఒక్కసారంటే ఒక్కసారీ వెళ్లలేదు.

ఈ శుక్రవారం ఆవిడ రిటైరవుతోంది. ఇక పిలిచేవాళ్లు ఉండరన్న సంగతి ఆయనకు నెల ముందు తట్టింది. బడివాళ్ల దగ్గర పాత వార్షికోత్సవాల వీడియోలన్నీ ఒక డిస్కులో ఉన్నాయని తెలిసి గుట్టుచప్పుడు కాకుండా తెచ్చుకున్నాడు. వాటిలోంచి ఆవిడ ఉన్న ముక్కలు ఏరి, అరగంట సినిమాగా కూర్చి, వీడ్కోలు సభలో వేయించాలని ఆయన పట్టుదల. అలాగైనా చేసిన తప్పు కొంత దిద్దుకుందామని ఆశ. గుట్టుచప్పుడు అన్నాను గానీ, ఆ ఇంట్లో గుట్టు ఎప్పుడు దాగింది కనక! ఆవిడ మూడో రోజే కనిపెట్టేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

చిక్కల్లా కంప్యూటరుతో వచ్చింది. కూతురి చదువుకోసం పద్నాలుగేళ్ల కిందట కొన్నది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి సొంతది కొనుక్కున్నాక ఇది మూల బల్లమీద ఉండిపోయింది. వీడియో తెరిస్తే బొమ్మ ఒకచోట, మాట ఇంకొకచోట. ఒక్క ముక్క కత్తిరించేలోపు మనిషి భోంచేసి రావచ్చు. కంప్యూటర్ల కొట్టతను వచ్చి చూసి, దీన్ని సాగనంపి కొత్తది తీసుకోమని మంచిమాట చెప్పాడు. ఈయన ససేమిరా అన్నాడు. పాతది పారేయమంటే తన వృత్తిని తిట్టినట్టే లెక్క ఆయనకి. ర్యామ్ రెండు జీబీలనుంచి ఎనిమిదికి పెంచడానికి కావలసినదీ, పాత హార్డ్ డిస్కు స్థానంలోకి ఎస్ఎస్‌డీ, పైన ఓ గ్రాఫిక్స్ కార్డూ తెచ్చుకున్నాడు. బిగించడం మాత్రం తానే బిగిస్తానన్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, స్క్రూలు తెల్లగుడ్డమీద వరుసగా పేర్చుకుని, ఒక పూటంతా కూర్చున్నాడు. చెప్పొద్దూ, పనితనానికి వంక పెట్టడానికి లేదు. కంప్యూటరు లేచి కూర్చుంది.

వీడియోలు కత్తిరిస్తూ అప్పుడు చూశాడు ఆవిడని. ఇంట్లో గొంతు పెంచి ఎరగని మనిషి మైదానంలో చెయ్యెత్తితే నాలుగు వందలమంది పిల్లలు ఒక్క అడుగు వేస్తున్నారు. ఏడాదికేడాదికీ ఆవిడ జుట్టు నెరుస్తోంది, ఆ చెయ్యి మాత్రం వణకలేదు. ఇది చూడకుండా ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టానని ఆయనకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. భార్య అడిగితే కంట్లో నలక పడిందన్నాడు.

గురువారానికి కత్తిరింపులు ముగిశాయి. ఇక అదంతా ఒక్క ఫైలుగా తయారు కావాలి. మీట నొక్కితే తెరమీద అంకె మెల్లగా పైకి ఎక్కింది గానీ, నూటికి నలభై దాటగానే టప్పున అంతా ఆరిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆరింది. కొత్త ర్యామ్‌ని తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, కరెంటువాళ్లనీ వదల్లేదు. శుక్రవారం నాలుగింటికి సభ. మూడింటికి ఆయన కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

ముస్తాబై వచ్చిన భార్య కంప్యూటరు పెట్టెమీద చెయ్యి వేసి, చురుక్కుమనేసరికి తీసేసింది. వంగి వెనక చూసింది. ఎన్ని కన్నాలున్నాయో అన్నిటికీ టేపు! పక్కలకీ టేపే, ఫ్యాను ముందూ టేపే.

“ఏమిటండీ ఇది?”

“దుమ్ము పడకుండా,” అన్నాడాయన కాస్త గర్వంగానే. గడియారం మూత వేశాక వెంట్రుకంత సందైనా ఉండకూడదని ఆయనకు పని నేర్పిన గురువు చెప్పాడు. నలభై ఏళ్లుగా అదే చేస్తున్నాడు, దీనికీ అదే చేశాడు. చిన్న పనులకి ఓర్చుకున్న పెట్టె పెద్ద పని మీద పడేసరికి ఉడికిపోయింది.

“దానికి ఊపిరాడొద్దూ?” అని ఆవిడ నవ్వు ఆపుకుంటూ ఒక్కో టేపూ పీకేసింది. పెట్టె చల్లారాక మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పెట్టె వేడెక్కలేదు. కానీ పూర్తవడానికి ఇంకా గంటన్నర పడుతుందని తెర చెబుతోంది. ఆయన కుర్చీలో కూలబడి, ఇది పట్టుకుని వెనకే వస్తాను, నువ్వు నడువు అన్నాడు.

ఆవిడ నడవలేదు. “అందులో ఉన్నదంతా నాకు తెలిసిందేనండీ. నాకు సినిమా వద్దు, మీరు కావాలి. ఇవాళ కూడా రాకపోతే ఇంక ఎప్పుడొస్తారు?”

ఆయన తెరవైపు చూశాడు. అంకె పదకొండు దగ్గరుంది. దాన్ని అలాగే వదిలేసి లేచాడు.

బడి గేటు దగ్గర లెక్కల టీచరు ఆయన్ని ఎగాదిగా చూసి, ఎవరో తెలిశాక నోరు వెళ్లబెట్టింది. మీరు నిజంగానే ఉన్నారన్నమాట, మేమంతా ఈవిడ ఉత్తినే చెబుతోందనుకున్నాం అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

సభలో మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఆవిడ రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేసింది. “ముందు మా ఆయన్ని చూపిస్తాను,” అంది. హాలంతా వెనక్కి తిరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ రానందుకు అంతమంది ముందూ భార్యకి రెండు చేతులూ జోడించాడు.