గాలపు కర్ర, కరెంటు స్తంభం

మా బాల్కనీలో బట్టలారేసే తీగకు మిస్త్రీ అయిదు కొక్కేలు కొట్టి పోయాడు. టేపు పెట్టి కొలిచి, సమాన దూరంలో కొట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తడి దుప్పటి వేస్తే మాత్రం తీగ ఒక చోట కిందికి జారి, దుప్పటి అంచు కింది ఫ్లోరు వారి టీ కప్పు మీద కారుతుంది. వారు రెండుసార్లు పైకి వచ్చారు. కప్పు తీసుకునే వచ్చారు. బరువు ఎక్కడ పడుతుందో అక్కడ కొక్కెం దగ్గరగా ఉండాలి గాని, టేపు చెప్పిన చోట కాదని మిస్త్రీకి చెప్పి చూశాను. అతడు నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు.

తొంభై మూడులో నన్ను పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక ఫైబర్‌గ్లాస్ ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరుగా వేశారు. నీళ్ల ట్యాంకులు, స్నానాల తొట్లు మా ప్రధాన సరుకు. షెడ్డు చివర గాలపు కర్రల విభాగం ఉండేది. అందులో రెండు బల్లలు, ఆరుగురు ఆడవాళ్లు, నేను. హోదా ప్రకారం నా పైన అసిస్టెంట్ మేనేజరు, ఆయన పైన వర్క్స్ మేనేజరు, ఆ పైన జనరల్ మేనేజరు. మొదటి రెండు పోస్టులూ ఖాళీగా ఉండడం వల్ల జీఎం గారు నేరుగా నా మీదే పడేవారు.

ఆ విభాగానికి ఆర్డర్లు లేవు. సికింద్రాబాదు నుంచి ఒక రిటైర్డు కల్నల్ గారు తన చేతికి తగినట్టు ఒక కర్ర చేసి చూపమన్నారు. నచ్చితే ఆయన చేపల క్లబ్బు మొత్తానికి మేమే చేయాలి. నచ్చకపోతే విభాగం మూత, ఆరుగురూ కటింగ్ షెడ్డుకు. కటింగ్ షెడ్డంటే గాజు పీచు కోసే చోటు. ఆ పీచు ఒకసారి రవికెలో దూరిందంటే ఆదివారం కూడా సెలవు తీసుకోదు. మా బస్సులో ఎవరు ఎంత గోక్కుంటున్నారో చూసి వారిది ఏ షెడ్డో చెప్పేయవచ్చు.

ఆరుగురిలో పెద్ద ఇస్నాపూర్ యాదమ్మ. దారం చుట్టడంలో చెయ్యి మంచిది. నోరు ఇంకా మంచిది. "సారూ, మమ్ముల గా షెడ్డుకు తోలిన్రనుకో, పొయ్యేముందు నీ కుర్సీల జెర పీచు సల్లి పోత. ముందుగాల్నే చెప్తున్న, మల్ల చెప్పలేదనొద్దు" అంది. కాబట్టి ఈ వ్యవహారంలో నాకూ కొంత స్వార్థం ఉందని పాఠకులు గ్రహించాలి.

గాలపు కర్రకు తంగూసు, అంటే చేపలు పట్టే సన్నటి నైలాన్ తీగ, రీలు నుంచి కొస దాకా కొన్ని రింగుల గుండా పోతుంది. ఇంగ్లీషులో వీటిని గైడ్లంటారు. యాదమ్మ గాజులనేది. కర్ర మంచిదా చెడ్డదా అన్నది సగం ఈ గాజుల్లోనే ఉంది. రీలు నుంచి తంగూసు పెద్ద పెద్ద చుట్టలుగా ఊడి వస్తుంది గనక మొదటి రింగు వెడల్పుగా ఉండాలి. తర్వాతివి క్రమంగా చిన్నవై ఆ చుట్టలను సన్నబరచాలి. కర్ర మొదట్లో మందం, వంగదు. అక్కడ రింగులు దూరదూరంగా ఉన్నా చాలు. కొస వైపు బాగా వంగుతుంది. అక్కడ దగ్గరదగ్గరగా ఉండాలి. అలాగని ఎక్కువ పెడితే ఆ బరువుకు కొస మొద్దుబారిపోతుంది. తక్కువైతే చేప లాగినప్పుడు తంగూసు కర్ర వంపును వదిలి అడ్డదారి పడుతుంది. బరువంతా ఒక్క చోట పడి కర్ర విరుగుతుంది.

ఇది తేల్చడానికి పద్ధతి ఉంది. ముందు కర్రను బల్లకు ఆనించి వంచి వేళ్లతో దొర్లిస్తే ఒక పక్కకు తిరిగి అక్కడే నిలుస్తుంది. ఆ పక్కను బట్టి రింగుల వరస ఎటో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత రింగులను ఊరికే టేపుతో అంటించి, తంగూసు ఎక్కించి, కొసకు నీళ్ల బకెట్ కట్టి వంచాలి. తంగూసు కర్రను ఎక్కడ వదిలి పోతే అక్కడికి రింగు జరపాలి. వంపు వెంట నిండుగా నడిచేదాకా ఇదే పని. ఆ తర్వాతే పట్టు దారం చుట్టి, పైన వార్నిష్ పూయాలి. వార్నిష్ కారిపోకుండా కర్ర ఆరేదాకా తిరుగుతూ ఉండాలి. అందుకు మేము యూనియన్ గదిలోంచి వినాయకుడి తల వెనక చక్రం తిప్పే మోటారు తెచ్చుకున్నాం. నిమజ్జనం అయిపోయింది గనక ఆయన అభ్యంతరం చెప్పలేదు.

అభ్యంతరం జీఎం గారిది. ఆయన అంతకుముందు చాలా ఏళ్లు సిమెంటు కరెంటు స్తంభాల కంపెనీలో చేశారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం తేడా వస్తే ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదట. మేము బకెట్ కట్టి నిర్ణయించిన రింగులను చూసి, "ఏందయ్యా మాణిక్యం, ఇక్కడ జానెడు, అక్కడ బెత్తెడు? కల్నల్ ఏమనుకుంటడు? మిలిటరీ మనిషి, వరస జూస్తడు" అన్నారు. తొమ్మిది రింగులు, సమాన దూరం అని స్వయంగా డ్రాయింగ్ గీసి, సంతకం చేసి, ముద్ర వేశారు. సంతకమైన డ్రాయింగ్‌ను దాటాలంటే డీవియేషన్ నోట్ పెట్టాలి. దాన్ని మంజూరు చేయవలసింది జీఎం గారే. పెట్టాను. ఎదురుగానే చింపారు.

మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఏ సరుకైనా రెండు చేస్తాం. ఒకటి కస్టమరుకు, రెండోది లక్క ముద్ర వేసి జీఎం గారి బీరువాలో దాచడానికి. దీన్ని సీల్డ్ శాంపిల్ అంటారు. రెండు కర్రలూ ఒకేలా ఉండాలని రూలులో ఉందా అని యాదమ్మ అడిగింది. ఉందన్నాను. "గది సదివినోళ్లకు గదా సారూ, మాకేమెర్క" అంది. డ్రాయింగ్ ప్రకారం చేసిన కర్ర బీరువాకు పోయింది. బకెట్ ప్రకారం చేసినది గుడ్డ సంచిలో చుట్టి కల్నల్ గారి కోసం పెట్టాం. జీఎం గారు టేపు తెచ్చి తన కర్రను కొలుచుకున్నారు. "గిట్లుండాలె" అన్నారు. సంచి విప్పమని అడగలేదు.

పరీక్ష ఇంద్రేశం వైపు ఒక చెరువు గట్టున పెట్టారు. కల్నల్ గారు జీపులో వచ్చారు. జీఎం గారి కారు డిక్కీలోంచి సీల్డ్ శాంపిల్ దిగింది. తాను టేపు పెట్టి కొలిచిన వరసైతేనే మిలిటరీ మనిషి కంటికి ఆనుతుందని ఆయన దాన్నే చేతికివ్వబోయారు. యాదమ్మ నన్ను చూసింది. నాకు నా కుర్చీ గుర్తొచ్చింది. సీల్డ్ శాంపిల్‌ను బయటివారి చేతికి ఇవ్వరాదని తమరి సర్క్యులరే ఉంది సార్, అని చెవిలో మనవి చేశాను. ఆయన సర్క్యులరు ఆయన మాటకన్నా గట్టిది. కర్ర వెనక్కి తీసుకున్నారు.

కల్నల్ గారు సంచిలోని కర్ర విసిరారు. తంగూసు చప్పుడు లేకుండా నీళ్ల మధ్యకు పోయింది. బకెట్ కట్టి లేపారు. కర్ర విల్లులా వంగింది, తంగూసు దాని వెంటే వంగింది. తృప్తిగా తలాడించి, "ఆ రెండోది కూడా చూపండి" అన్నారు. ఆయన ఏ సర్క్యులరు కిందికీ రారు.

విసిరితే తంగూసు మొదటి రింగుకు చుట్టుకుని కల్నల్ గారి టోపీ మీదికి తిరిగి వచ్చింది. బకెట్ లేపబోతే కొస దగ్గర తంగూసు వంపును వదిలి అడ్డదారి పట్టింది. కర్ర చిటుక్కుమంది. బకెట్ కింద పడింది. నీళ్లు జీఎం గారి బూట్లలోకి పోయాయి.

రెండూ ఒకే డ్రాయింగ్ మీద చేశారా అని కల్నల్ గారు అడిగారు. అవునంటే డ్రాయింగ్ పోతుంది, కాదంటే కింది వాళ్లు ఆ డ్రాయింగ్‌ను దాటారని తేలి హోదా పోతుంది. జీఎం గారు క్షణం కూడా తడుముకోలేదు. రింగులు తప్పుగా పెడితే ఏమవుతుందో తమకు చూపడానికే ఈ రెండోది కావాలని చేయించామన్నారు. ఇంత నిజాయితీ గల కంపెనీని చూడలేదని కల్నల్ గారు అక్కడికక్కడే ఆర్డరు ఖాయం చేశారు. విభాగం నిలిచింది. నా కుర్చీలో నేను రిటైరయ్యేదాకా గోక్కోకుండా కూర్చున్నాను.

దీనివల్ల నేను నేర్చుకున్నది స్వల్పం. కర్రకు రింగు వంగే చోట దగ్గరగా పెట్టాలి, వంగని చోట దూరంగా ఉంచాలి. అధికారుల విషయంలోనూ ఇదే వరస పాటించాను, పెద్దగా నష్టపోలేదు.

ఆ రోజు గట్టు మీద జీఎం గారు తన మాటకు బలంగా ఇంకో గొంతు కావాలనుకున్నారు. విరిగిన కర్ర ఏరుతున్న యాదమ్మ వైపు తిరిగి, కల్నల్ గారికి వినబడేలా, "ఏమ్మా, ఇది కావాలనే చేసినం గదా?" అన్నారు.

యాదమ్మ లేచి నిలబడి కొంగు దులుపుకుంది.

"కావాలనే చేసినం సారూ. మీ సంతకం జూసే చేసినం."