గ్రేసీ కాలేయమూ, మా సంఘం ప్రార్థనా

హైదరాబాదు రాజ్యం కూలిపోయిన వారంలోనే సికింద్రాబాదులో ఒక పరువు కూడా కూలిపోయింది. రాజ్యం గురించి చాలామంది రాశారు. పరువు నాది కాబట్టి దాని సంగతి నేనే రాసుకోవాలి. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. అప్పట్లో ఒక చర్చి నిండా జనం నా మొహం మీదే నవ్వారు, మీ నవ్వు నాకో లెక్క కాదు.

అప్పటికి నాకు పాతికేళ్లు కూడా లేవు. పేరు దేవదానం. మాది గుంటూరు వైపు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా ఉద్యోగం. రెజిమెంటల్ బజార్‌లో యాదమ్మగారి ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని, నా వంట నేనే వండుకుంటూ, దాన్ని తినడానికి నేనే భయపడుతూ బతుకుతుండేవాణ్ణి.

ఆ గదిలో నాతోపాటు గ్రేసీ ఉండేది. గ్రేసీ అంటే కుక్క. ఈ ముక్క మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. అప్పుడు చెప్పవలసిన చోట చెప్పనందుకే ఇంత కథ నడిచింది. బుట్టలో పట్టేంత కుక్క, తెల్లటి జుట్టు, నల్లటి ముక్కు. మా వర్క్‌షాపు దొరగారు ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లిపోతూ, ఇంట్లో సామానంతా మా ఆఫీసు వాళ్లకు తలొకటి పంచిపెట్టాడు. నేను వరుసలో చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కుర్చీలు అయిపోయాయి. దొరసాని ఏడుస్తూ కుక్కను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

గ్రేసీకి తెలుగు రాదు. నా ఇంగ్లీషు దానికి నచ్చదు. నేను "సిట్" అంటే, ఇదేం ఉచ్చారణ అన్నట్టు తల పక్కకు తిప్పుకునేది. అయినా నిజం చెబుతాను, అదంటే నాకు ప్రాణం. ఆ ఏడాది గొడవల్లో రైళ్లు సరిగా నడవలేదు, మా అమ్మ దగ్గర నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. సాయంత్రం నేను తలుపు తీస్తే సంతోషించే ప్రాణి ఆ ఊళ్లో అదొక్కటే.

దొరసాని మీద బెంగతో అది దిగులుగా ఉండేది. దిగులు పోవాలంటే ఏం చెయ్యాలి? బాగా తినిపించాలి. మా ఇంట్లో ఆప్యాయత అంటే నెయ్యి, ఇంకా ఆప్యాయత అంటే ఇంకా నెయ్యి. గ్రేసీకి నెయ్యన్నం పెట్టాను, వేపుడు పెట్టాను, ఆదివారం ఆదివారం యాట మాంసంలో కొవ్వు ముక్కలు ఏరి ఏరి పెట్టాను. అది తినేది, నేను మురిసిపోయేవాణ్ణి. కొన్నాళ్లకు అది తినడం మానేసింది. తిన్నదల్లా కక్కేసింది. ఒకనాడు యాదమ్మగారు దాని మొహం పైకెత్తి చూసింది.

"ఏందయ్యా దానం, దీని కండ్లు జూసినవా? పసుపు రాసినట్టున్నయ్. పసిరికలైనయ్ దీనికి."

"కుక్కలకు కామెర్లు వస్తాయా అండీ?"

"ఎందుకు రావు? దానికి మాత్రం కార్జం లేదా? కార్జం ఖరాబైతే ఎవరికైనా గంతే. జల్దీ డాక్టర్‌కు జూపియ్."

కార్జమంటే కాలేయమే. నేను గ్రేసీని సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. తలుపుకు తాళం. నేడో రేపో సైన్యాలు వస్తాయని ఊరంతా ఒకటే పుకార్లు. రజాకార్లంటే భయం, సైన్యమంటే భయం. పోగలిగిన వాళ్లు ఊళ్లకు పోతున్నారు, డాక్టరు కూడా పోయాడు. గ్రేసీ సంచిలోంచి తల బయటికి పెట్టి ఆ తాళం వంక చూసింది. ఇక మనుషుల వల్ల కాదని నాకు అర్థమైంది.

మర్నాడు ఆదివారం. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఆరాధన మధ్యలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పండి" అంటారు. ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటారు, సంఘమంతా కలిసి ప్రార్థన చేస్తుంది. ఆ ఆదివారం ఒకాయన తమ్ముడు బీదరు దగ్గర చిక్కుకుపోయాడన్నాడు. ఒకావిడ కొడుకు జాడ తెలియడం లేదని చెప్పి, మాట పూర్తిచెయ్యలేక కూర్చుండిపోయింది. ఆవిడ వెనక వరుసలో నేను లేచి నిలబడ్డాను.

"మా గ్రేసీకి జబ్బుగా ఉందండి. కాలేయం చెడిపోయిందేమోనని భయంగా ఉంది. కళ్లు పచ్చబడ్డాయి."

తర్వాత రావలసిన మాట "కుక్క". అది నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందున్న ఆవిడ, తన ఏడుపు ఆపుకుని, వెనక్కి తిరిగి నా వంక ఎంతో జాలిగా చూసింది. ఆ మాట మళ్లీ గొంతులోకి దిగిపోయింది.

"ఎంత వయసు నాయనా?" అన్నారు అయ్యగారు.

"నాలుగేళ్లు నిండాయండి."

సంఘమంతా అయ్యో అంది. అయ్యగారు కళ్లు మూసుకుని, హైదరాబాదు పెద్దలకూ ఢిల్లీ పెద్దలకూ మంచి బుద్ధి ప్రసాదించమనీ, మన గ్రేసీ కాలేయాన్ని స్వస్థపరచమనీ ఒకే వాక్యంలో వేడుకున్నారు. నేను కళ్లు గట్టిగా మూసుకుని ఆమెన్ అన్నాను.

ఆరాధన అయ్యాక పారిపోదామనుకున్నాను. గుమ్మం దగ్గర సాలమ్మగారు పట్టుకుంది. ఆవిడ సంఘ పెద్దగారి భార్య, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ అడిగితే జవాబు చెప్పకుండా గుమ్మం దాటినవాళ్లు ఇంతవరకు లేరు.

"నీకింకా పెళ్లి కాలేదు కదా బాబూ, ఈ గ్రేసీ ఎవరు?"

"మా దొరగారింట్లో పుట్టిందండి. వాళ్లు ఇంగ్లండు పోతూ నాకు అప్పజెప్పారు."

"వదిలేసి పోయారా?"

"ఓడలో తీసుకెళ్లడం కుదరలేదటండి."

"తల్లి?"

"చనిపోయిందటండి."

"మరి తండ్రి?"

"ఎవరో తెలియదండి. దొరసాని కూడా చెప్పలేకపోయింది."

సాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గమనించండి, ఇందులో ఒక్క అబద్ధం లేదు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పదగిన మాటలే అన్నీ.

"ఇంత చిన్న వయసులో ఎంత మంచి మనసయ్యా నీది" అంది ఆవిడ.

అసలు పాపం ఇక్కడ చేశాను. ఈ మాట వినగానే "అది కుక్కండీ" అనవలసింది. కానీ ఇల్లు వదిలి వచ్చాక నన్ను ఒకళ్లు మెచ్చుకోవడం అదే మొదటిసారి. హాయిగా ఉంది. తల వంచుకుని, "నా బాధ్యతే కదండీ" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపిస్తుంది.

సోమవారం పోలీస్ యాక్షన్ మొదలైంది. ఆఫీసు లేదు, బజారు లేదు. కిటికీ అద్దాలకు కాగితాలు అంటించుకుని అందరూ ఇళ్లల్లో కూర్చున్నారు. వీధి మొత్తానికి ఒకే రేడియో, దాని చుట్టూ చెవులు. నేను మాత్రం మంచం ముందు బోర్లా పడుకుని ఉన్నాను, ఎందుకంటే గ్రేసీ మంచం కిందకు దూరి బయటికి రానంటోంది. చెంచాతో నీళ్లు పోస్తే సగం మింగేది, సగం నా చేతి మీద పడేది. సైన్యం ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేకపోయేవాణ్ణి. గ్రేసీ చచ్చిపోతుందేమోనన్న భయం తప్ప ఆ వారం నాకు వేరే భయం లేదు. నెయ్యన్నం ముద్దలు కలిపి ముక్కు దగ్గర పెట్టి బతిమాలాను. మొహం తిప్పుకుంది.

శనివారానికి అంతా ముగిసింది. సైన్యం బొల్లారం వైపు నుంచి వస్తోందని, ఊరు ఊరంతా పూలదండలు పట్టుకుని రోడ్డు మీదకు ఉరికింది. సరిగ్గా ఆ సమయంలో నలుగురు ఆడవాళ్లు ఆ జనానికి ఎదురొచ్చి మా సందులోకి తిరిగారు. సాలమ్మగారు, సమాజం నుంచి ఇద్దరు, వాళ్లతో మిషను ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టరమ్మగారు. సాలమ్మగారి చేతిలో నాలుగేళ్ల పిల్లకు సరిపోయే గౌను, లేసు పెట్టి కుట్టింది. కిటికీ కాగితం చిరుగులోంచి అది చూసి నేను నిలబడ్డ చోటే కొయ్యబారిపోయాను. యాదమ్మగారు నా గది ముందున్న అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"గ్రేసీకి ఎలా ఉందమ్మా?" అంది సాలమ్మగారు.

"ఏముంటది, గట్లనే ఉన్నది. మంచం కింద పండుకున్నది."

"మంచం కిందా?"

"తక్లీఫ్ అయినకాడికెల్లి ఆడనే ఉంటున్నది."

"ఏమైనా తిందా?"

"ఏడ తిన్నది. పొద్దుగాల పళ్లెంల నీళ్లు పోస్తే జెర నాకింది."

యాదమ్మగారు ఎవరూ అడక్కపోయినా ఇంకొంచెం చెప్పింది. "పిలగాడు మంచోడే. బీమారైందని గొలుసు సుత ఇప్పేసిండు."

"గొలుసా?"

"అవ్, కట్టేసే డ్యూటీకి పోయేటోడు. లేకుంటే గల్లీలకు పోయి చెత్తల మూతి పెడతది గద."

తలుపు నేను తియ్యలేదు, సాలమ్మగారే తీసింది. ఆవిడ మొహం చూస్తే రజాకార్లు కూడా దారి ఇచ్చేవాళ్లు. "దేవదానం, పసిపిల్లను గొలుసుతో కడతావా నువ్వు?"

"ముందు పేషెంటును చూడనివ్వండి" అని డాక్టరమ్మగారు మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందకు వంగింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత తల బయటికి పెట్టకుండానే నెమ్మదిగా అంది: "సాలమ్మా, పేషెంటుకు తోక ఉంది."

మిగతా ముగ్గురూ వంగి చూశారు. సాలమ్మగారు లేచి నా వంక తిరిగింది.

"ఇదేనా గ్రేసీ?"

"ఇదేనండి."

"తండ్రెవరో తెలియదు."

"నిజంగానే తెలియదండి."

"బుధవారమంతా మంచినీళ్లు ముట్టకుండా ఉపవాసముండి ప్రార్థన చేశానయ్యా. దీని కోసమా?"

"మీరు నన్ను ఎన్నైనా తిట్టండి. దాన్ని చూడకుండా మాత్రం వెళ్లకండి డాక్టరమ్మా" అన్నాను. సాలమ్మగారు మంచానికి అడ్డు తొలగింది.

డాక్టరమ్మగారు గ్రేసీని ఒళ్లోకి తీసుకుంది. కనురెప్ప పైకెత్తింది, చిగుళ్లు చూసింది, పొట్ట మెల్లగా తడిమింది. వణుకుతోందని ఆ గౌనే అడిగి తీసుకుని చుట్టబెట్టింది.

"కాలేయమే కావచ్చు. నేను కుక్కల చదువు చదవలేదు కనక గట్టిగా చెప్పలేను. ఏం పెడుతున్నావు దీనికి?"

చెప్పాను. నెయ్యి దగ్గర మొదలుపెట్టి కొవ్వు దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది.

"ఇలా మేపితే ఎద్దు కాలేయమైనా మొరాయిస్తుంది. ఇవాళ్టి నుంచి నెయ్యి, వేపుడు, కొవ్వు ఏవీ వద్దు. అన్నం మెత్తగా ఉడికించు. తోలు తీసిన కోడిముక్క ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, చిదిమి అందులో కలుపు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టు. పశువుల డాక్టరు ఊళ్లోకి రాగానే తీసుకెళ్లు. రేపటికి తినడం మొదలుపెడితే బతుకుతుంది. లేకపోతే నేనేమీ చెప్పలేను."

"రేపు ఆరాధనలో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది సాలమ్మగారు గుమ్మం దాటుతూ. కాసేపటికి వెనక్కి వచ్చి, "కోడి దొరక్కపోతే మా ఇంటికి రా" అని మళ్లీ వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున గ్రేసీ ముందు పళ్లెం పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాసన చూసింది. ఆలోచించింది. ఒక మెతుకు తీసుకుంది. తర్వాత ఒక ముద్ద తింది. తర్వాత ఇంకొకటి. నేను గబగబా వెళ్లి యాదమ్మగారిని పిలిచాను. "తిన్నది తియ్, ఇగ ఏం పరేషాన్ గాకు" అందావిడ. నేను సంతోషంతో ఏడ్చాను. దాచుకోవలసిన సంగతేమీ కాదు.

ఆ ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. వారం రోజులు ఊపిరి బిగబట్టిన జనమంతా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చారు. నా వంతు వచ్చింది. లేచాను.

"పోయిన ఆదివారం నేను గ్రేసీ కోసం మనవి చేశానండి. గ్రేసీ పిల్ల కాదండి. కుక్కండి."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇప్పుడెలా ఉంది?"

"పొద్దున రెండు ముద్దలు తిందండి."

"స్తోత్రం" అన్నారు అయ్యగారు. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, వరుస వరుసా అందుకుంది. అయ్యగారు కూడా బల్ల వెనక్కి తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య సాలమ్మగారు ఠీవిగా లేచి నిలబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అయ్యగారూ, మా చిలుక నెలరోజుల నుంచి ఈకలు రాలుస్తోంది. ఈ గొడవల్లో ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను."

ఆవిడ కూర్చోకముందే బోయిన్‌పల్లి నుంచి వచ్చే పెద్దాయన లేచి, తన గేదె చూడి కట్టడం లేదన్నాడు. ఆర్గన్ వాయించే ఆయన పిల్లికి చెవిపోటు. ఎవరిదో మేక, ఎవరిదో పొదుగుతున్న కోడి. ఇన్నాళ్లూ రాజ్యాల కష్టాల ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచుకున్నవన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. అయ్యగారు ఓపిగ్గా అందరి మాటలూ విన్నారు. చివరికి సంఘమంతా ఒకసారి కలయజూసి, "మనుషుల్లో ఎవరికైనా ఏమైనా మనవులున్నాయా?" అని అడిగారు.

గ్రేసీ కళ్ల పసుపు దిగడానికి చాలా వారాలు పట్టింది. పశువుల డాక్టరు తిరిగొచ్చి చూసి, పథ్యం అలాగే సాగించమన్నాడు. అది ఆ తర్వాత చాలా ఏళ్లు చప్పిడి కూడు తింటూ, నా వంక కోపంగా చూస్తూ, సుఖంగా బతికింది.

నేను మాత్రం ఆ ఆదివారమే సంఘం ఎదుట ప్రమాణం చేశాను: ప్రాణం పోతున్నా సరే, ఎవరి కోసం ప్రార్థన అడిగినా ముందు కాళ్లెన్నో చెప్పి, తర్వాతే పేరు చెబుతాను. ఇంతవరకు మాట తప్పలేదు. మొన్న ఆదివారం మా ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి మనవి చేసినప్పుడు కూడా, "రెండు కాళ్లేనండి" అని ముందుగా స్పష్టం చేశాను. ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు.