చక్కెర తిన్న వీరుడు

గుర్వమ్మకు దేవుళ్ల సంగతి ఎవరూ చదివి చెప్పలేదు. కట్టంగూరు దగ్గర ఆమె ఊరి గుట్ట మీద పక్కపక్కనే ఉన్న ఇద్దరిని చూసి చిన్నప్పుడే తెలుసుకున్నది. ఒకరు పీరు, సున్నం వేసిన సమాధి. ఇంకొకరు వీరుడు, పశువులను తోలుకుపోయే దొంగలతో కొట్లాడి చచ్చినవాడు. కత్తి పట్టిన మనిషిని చెక్కిన రాయి ఆయనది.

ఇద్దరికీ తేడా ఏమిటని అడిగితే ఇట్లా చెప్పేది: “పీరుకు ఏం గావాలె బిడ్డా? మన బాధ ఇని పైవానికి చెప్తడు. వీరునికి మాత్రం పెట్టాలె. నెత్తుట్ల సచ్చిన మనిషాయె, కోడిని కొయ్యకుంటే ఊకోడు.” పీరు దగ్గరకు పిల్లలను ఎత్తుకొని పోయేవాళ్లు. వీరుని రాయి దగ్గర మాత్రం ఆడుకోనిచ్చేవాళ్లు కాదు.

ఆమె కొడుకు ఎల్లయ్య నిజాం మీద తిరగబడ్డ సంఘంలో చేరి, ఊరి మీదికి వచ్చిన రజాకార్లను పొలిమేరలో ఆపబోయి చనిపోయాడు. తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. భయం ఈసారి ముస్లింల ఇళ్లకు చేరింది. పీరు సమాధి ఊడ్చే హుస్సేన్ బీని గుర్వమ్మ తన ఇంట్లో జొన్నల గుమ్మి వెనక దాచుకున్నది. ఊరు చల్లబడ్డాకే బయటికి పంపింది.

అప్పుడు ఊరి పెద్ద రామచంద్రయ్య ఎల్లయ్యకు రాయి చెక్కించి పాత వీరుని పక్కన నిలబెట్టించాడు. మర్నాడు కోడిపుంజును కోసి రాయికి నెత్తురు పూయాలని, లేకపోతే వాడు దాహంతో ఊరి మీద పడతాడని అన్నాడు.

ఊరు చేస్తున్న మర్యాద, గుర్వమ్మ కాదనలేకపోయింది. కానీ ఎవరైనా కోడిని కోస్తుంటే ఎల్లయ్య చూడలేక ఇంటి వెనక్కి పోయి చెవులు మూసుకునేవాడు. అట్లాంటివాడి పేరు చెప్పి రేపు తల్లులు పిల్లలను భయపెడతారని ఆమె బెంగ. ఆ మాట హుస్సేన్ బీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పొద్దున డప్పులతో, పుంజుతో ఊరు గుట్ట ఎక్కేసరికి హుస్సేన్ బీ ముందే అక్కడున్నది. సమాధిని ఊడ్చే నెమలీకల కట్టతో ఎల్లయ్య రాయిని తుడిచి, ఊదు వేసి, చక్కెర పెట్టి, చనిపోయినవాళ్ల కోసం చదివే ఫాతెహా చదివేసింది. ఫాతెహా చదివిన జాగాలో నెత్తురు పడకూడదన్నది ఆ గుట్ట మీద ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు.

“గది పీరు కాడ జేసే పని. గీడు వీరుడు. నీకు తెల్వదా?” అన్నాడు రామచంద్రయ్య.

హుస్సేన్ బీ చక్కెర పొట్లం మడుచుకుంటూ, “నాకు గిదే తెలుసన్నా. నా ఇంట్ల చక్కెర డబ్బా ఖాళీ చేసింది గీ పిలగాడే. కోడిని ఎన్నడడగలే” అన్నది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రామచంద్రయ్య ఎటూ తేల్చుకోలేక గుర్వమ్మ వైపు చూశాడు.

“నా కొడుకు తిన్నడన్నా. ఇగ ఆ కోడిని ఇడిసిపెట్టుండ్రి.”

“మరి రేపు ఆకలైతే?”

“నన్నడుగుతడు. తల్లిని ఉన్న గద.”

కల్లయినా పోయాలని ఆయన పట్టుబట్టాడు. దానికి ఆమె అడ్డం చెప్పలేదు. కల్లంటే వాడికీ ఇష్టమే.

ఆ పుంజు గుర్వమ్మ ఇంటి కప్పు మీద ముసలిదయ్యేదాకా కూసింది. గురువారం ఆడవాళ్లిద్దరూ గుట్ట ఎక్కేవాళ్లు. హుస్సేన్ బీ ఊరివాళ్ల బాధలు పీరుకు అప్పజెప్పేది. గుర్వమ్మ కొడుకును ఏమీ అడిగేది కాదు. ఎవరింట్లో బర్రె ఈనిందో, వాన ఏపాటి పడిందో చెప్పి, చక్కెర పెట్టి వచ్చేది. ఆ చక్కెరను చీమలకంటే ముందు పిల్లలు తినేవాళ్లు. ఆ రాయి దగ్గర ఆడుకోవద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.