దగ్గితే ఒక నిప్పు తీయాలి

హుక్కా తాగేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. పనీపాటా మానుకుని కూర్చోవడం, నీళ్ళు గుడగుడమనిపించడం, పొగ ఊదడం, మళ్ళీ దానికి ఆహా ఓహో అని మెచ్చుకోళ్ళు! అలాంటి నాకు హుక్కా కొట్టులో నిప్పులు చూసుకునే మనిషే మొగుడయ్యాడు. నుదుటి రాతను ఎవరు తప్పించగలరు?

కొట్టు మా వీధి చివర్లోనే. పొడుగాటి గది, రెండు వైపులా బెంచీలు, వెనక పెద్ద కిటికీ, దాని కింద ఇనుప కుంపటి. మధ్యాహ్నం తెరిస్తే దీపాలు పెట్టే వేళకు మూసేసేవారు. కుంపటి దగ్గర ముక్కాలిపీట మీద మా ఆయన. అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని ‘నిదానం’ అనే పిలిచేవారు. అసలు పేరు కొట్టు యజమానికైనా గుర్తుందో లేదో. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇద్దర్నీ ఎవరు జత కలిపారోగానీ వాళ్ళకి హాస్యం బాగా ఎక్కువ.

ఆయన పద్ధతి నాకు కంఠతా వచ్చు. పాకంలో నానిన పొగాకుని గిన్నెలో పొడిపొడిగా, గాలాడేలా పరచాలి. అదమకూడదు. పైన రేకు బిగించి సూదితో చిల్లులు పొడవాలి. నా సూదులన్నీ ఆ రేకులకే మొండిబారాయి. బొగ్గు అంతా ఎర్రబడి, పైన తెల్లగా నివురు పట్టేదాకా గిన్నె దగ్గరికి చేర్చేవారు కాదు. ఏ మూలైనా నల్లగా మిగిలితే మళ్ళీ కుంపట్లోకే. ‘‘సగం కాలిన బొగ్గూ, సగం తెలిసిన మనిషీ, రెండూ తలనొప్పే’’ అనేవారు. ముందు మూడు నిప్పులు గిన్నె అంచున పెట్టి, నాలుగైదు నిమిషాలు మూతేసి వదిలేసేవారు. గిన్నె మెల్లగా వేడెక్కాక గొట్టం చేతికిచ్చేవారు. ఆ తర్వాత కూడా నిప్పుల్ని తిప్పుతూ, బూడిద దులుపుతూ, ఘాటెక్కితే ఒకటి తీసేస్తూ ఉండాలి.

కొత్తగా వచ్చినవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? ‘‘పొగ సరిగా రావట్లేదు, ఇంకో రెండు నిప్పులు వెయ్యి నిదానం’’ అని సతాయించేవారు.

‘‘పాలు కాగట్లేదని తలుపులు విరిచి పొయ్యిలో పెడతామా?’’ అని నవ్వి, ఉన్న నిప్పునే ఓ అంగుళం జరిపేవారు. రెండు నిమిషాల్లో తెల్లగా, మెత్తగా పొగ వచ్చేది. అడిగినవాడు ఇక గొట్టం వదిలేవాడు కాదు.

ఇంటికొచ్చాక మాత్రం నా రాజ్యం. చొక్కా పెరటి గుమ్మం దగ్గరే విప్పి బకెట్లో పడేస్తే గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. ఏళ్ళ తరబడి ఆ చొక్కాలు ఉతికాను. ఉతుకుతూ ఉతుకుతూ నాకో విద్య అబ్బింది. కొట్టులో రోజు బాగా గడిస్తే చొక్కా తియ్యగా, ఆరిన పాకంలా వాసనొచ్చేది. ఎవరైనా తొందరపెడితే పాకం ముదిరిన వాసన. గిన్నెకి వేడి చాలకపోతే పచ్చి ఆకు వాసన.

‘‘ఇవాళెవరో మిమ్మల్ని బాగా కంగారు పెట్టినట్టున్నారు?’’ అనేదాన్ని.

‘‘నీకెవరు చెప్పారే?’’

‘‘మీ చొక్కా చెప్పింది.’’

ఆయన మురిసిపోయేవారు. నేను మాత్రం సబ్బు ఇంకో రెండుసార్లు రుద్దేదాన్ని.

మా పెళ్ళయిన ఇరవై ఎనిమిదో ఏట చలికాలం పోతూ పోతూ ఆయనకి జ్వరం తెచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. తగ్గాక మళ్ళీ కొట్టుకి వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం, వస్తూనే గుమ్మంలో కూలబడ్డారు. తిండి వద్దన్నారు. గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి, ‘‘మాస్టారు మాడిందన్నారే’’ అన్నారు.

మాస్టారంటే కళ్ళజోడు మాస్టారు. లెక్కల పంతులుగా చేసి మానేశాక, రోజూ మూడింటికి వచ్చి కిటికీ పక్క బెంచీ మీద కూర్చునే పెద్దాయన. ఇన్నేళ్ళలో మా ఆయన పెట్టిన గిన్నెకి వంక పెట్టింది లేదు. యజమాని కూడా ఆ మాట విన్నాడట. ‘ఇంకోసారి ఇలా జరిగితే కుంపటి దగ్గర ఇంకొకర్ని పెడతాను, నువ్వు గిన్నెలు కడుగుదువుగాని’ అన్నాడట.

‘‘ఒక్కసారి మాడితే కొంపలేం మునిగిపోయాయి? వాడి మొహం!’’ అని యజమానిని నాలుగు తిట్టి, పాలు పొయ్యి మీద పెట్టి బకెట్ దగ్గరికి పోయాను. ఆయన పొయ్యి పక్కనే కూర్చున్నారు. నేను తిరిగొచ్చేసరికి పాలు అడుగంటి, గదంతా కమురు వాసన. ఆయన మాత్రం రాయిలా అక్కడే ఉన్నారు.

‘‘ముక్కుందా లేదా మీకు?’’ అని అరిచాను.

ఆయన తలెత్తి నావైపు చూశారు. ‘‘లేదే’’ అన్నారు మెల్లగా. ‘‘జ్వరంతో పాటే పోయింది. మంచం దిగినప్పట్నుంచి ఏ వాసనా తెలియట్లేదు. గిన్నె మాడుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? కుంపటి దగ్గర్నుంచి లేపేస్తే నేనింక ఎందుకు పనికొస్తాను?’’

అంతకుముందు నోరు జారినందుకు చెంపలేసుకున్నాను. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే చెప్పాను. ‘‘మీ ముక్కు పోతే పోయింది, నా ముక్కు ఉందిగా. నేనొస్తాను.’’

‘‘నువ్వా? హుక్కా కొట్టుకా?’’ అన్నారు, కొండ నడిచొచ్చిందన్నట్టు.

నేను దర్జీకి చొక్కాల గుండీలు, అంచులు కుట్టిపెట్టేదాన్ని. ఇంట్లో వెలుగు చాలట్లేదు, కొట్టు కిటికీ దగ్గరైతే బాగుంటుందని యజమానికి చెప్పుకున్నాం. అతను సరేనన్నాడు. నేనూ మా ఆయనా చేసుకున్న ఒప్పందం ఇది: మాడబోతున్న వాసన తగిలితే నేను ఒకసారి దగ్గుతాను, ఆయన ఒక నిప్పు తీసేయాలి. పచ్చి ఆకు వాసనొస్తే కత్తెరతో బెంచీ మీద టక్కున కొడతాను, ఆయన ఒకటి వేయాలి. అంతే.

అయిదు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు తిట్టుకుంటూ ఉతికిన వాసన ఆ కిటికీ దగ్గర నాకు అన్నీ విప్పి చెప్పేది. పాకం తియ్యదనం పల్చబడి ఘాటు తలెత్తేలోపే దగ్గేదాన్ని. వెంటనే ఆయన చేతిలో నిప్పులు తీసే పట్టుకారు టిక్కుమనేది. మాస్టారు ఓసారి గొట్టం పక్కనబెట్టి, ‘‘అమ్మా, ఈ పొగ నీకు పడట్లేదు. డాక్టరుకి చూపించుకోకూడదూ?’’ అన్నారు పాపం. ‘‘పర్లేదు మాస్టారూ, అలవాటే’’ అన్నాను. మా ఆయన కుంపటి మీదికి వంగి నవ్వాపుకున్నారు. నిజం చెప్పొద్దూ, పెళ్ళయ్యాక మేమిద్దరం పూటంతా ఒకే గదిలో ఉండటం అదే మొదలు. బాగుండేది.

తర్వాత వానలు మొదలయ్యాయి, నాకు జలుబు చేసింది. నిజం జలుబు. ముక్కు రెండువైపులా దిబ్బడ, ఛాతీ నిండా దగ్గు. వెళ్ళకపోతే ఆయన గతేమిటని మొండిగా వెళ్ళి కూర్చున్నాను. మూడింటికి మాస్టారు వచ్చారు. గిన్నె మీద మూడు నిప్పులు పెట్టారు ఈయన. నాకు దగ్గొచ్చింది. పట్టుకారు టిక్కుమంది, ఒక నిప్పు కుంపట్లోకి పోయింది. అయ్యో, ఇది అది కాదు మహానుభావా అని కళ్ళతో సైగ చేయబోతే ఇంకో దగ్గు. ఇంకో నిప్పు పోయింది. చెయ్యి ఊపుదామని లేవబోయాను. ఈసారి తెరలు తెరలుగా దగ్గు. మూడోదీ పోయింది.

మాస్టారు పీల్చారు. నీళ్ళు గుడగుడమన్నాయి, పొగ లేదు. వంగి గిన్నెలోకి చూశారు.

‘‘ఏమయ్యా నిదానం, మీ ఆవిడ దగ్గినప్పుడల్లా నా నిప్పు ఎత్తుకుపోతున్నావేం?’’

బెంచీల మీదవాళ్ళు గొల్లుమన్నారు. యజమాని లేచి వచ్చాడు. ‘‘తప్పు నాదే...’’ అని నేనేదో అల్లబోయాను. మా ఆయన చెయ్యెత్తి ఆపారు.

‘‘మాస్టారూ, జ్వరం వచ్చినప్పుడే నా ముక్కు పోయింది. ఈ అయిదు నెలలూ ఈవిడ ముక్కుతో నెట్టుకొచ్చాను. ఇవాళ ఈవిడకి జలుబు చేసింది.’’

యజమాని మొహం గంటు పెట్టుకున్నాడు. ‘‘ఇన్నాళ్ళూ దాచావన్నమాట. లే, ఆ పీట మీంచి లే’’ అన్నాడు.

‘‘ఆగవయ్యా’’ అన్నారు మాస్టారు. ‘‘నిదానం, కొత్త గిన్నె పెట్టు. ముక్కుల గొడవ లేకుండా పెట్టు. నేను తాగి చెప్తాను. అప్పుడు లేవాలో కూర్చోవాలో చూద్దాం.’’

ఆయన నావైపు చూశారు. నేనేం చేయగలను? పొగాకు పరిచారు, రేకు బిగించారు, మూడు నిప్పులు అంచున పెట్టారు. మూతేశారు. మూత తీశాక ఎప్పుడూ చేయని పని చేశారు. అరచెయ్యి గిన్నెకి బెత్తెడు పైన పట్టుకుని, కళ్ళు మూసుకుని, గుడగుడ వింటూ ఉండిపోయారు. నా గొంతులో దగ్గు గిలిగింతలు పెడుతోంది. ఇప్పుడు దగ్గితే ఈ మనిషి మళ్ళీ నిప్పు తీస్తాడేమోనని చేతిలో ఉన్న కొత్త చొక్కాని నోట్లో కుక్కుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. దగ్గుకో, భయానికో తెలియదు.

కాసేపటికి ఆయన చెయ్యి ఉలిక్కిపడ్డట్టు వెనక్కి వచ్చింది. ఎవరూ దగ్గలేదు. పట్టుకారు తీసుకుని ఒక నిప్పు ఎత్తేశారు. మిగతా రెండింటినీ చెరో అంచుకీ జరిపారు.

మాస్టారు ఓ పది దమ్ములు పీల్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

‘‘మాడలేదు. పచ్చిగానూ లేదు’’ అన్నారు. యజమాని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నడుస్తూ, ‘‘హమ్మయ్య, ఇక నా అవసరం తీరింది. రేపట్నుంచి ఇంట్లోనే కుట్టుకుంటాను’’ అన్నాను.

‘‘రాకపోతే ఎలా?’’ అన్నారు ఆయన. నాలుగడుగులు వేసి ఆగి, ‘‘నువ్వు దగ్గకపోతే నాకేం తోచదే’’ అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అంత పెద్ద మాట ఆయన నోట నేను వినలేదు.

మరో ఆరేళ్ళు ఇద్దరం కలిసే వెళ్ళాం. అవసరం లేకపోయినా నేను దగ్గేదాన్ని, అవసరం లేదని తెలిసీ ఆయన ఒక నిప్పు తీసి, నేను చూడకుండా మళ్ళీ పెట్టేసేవారు. నేను చూసేదాన్ని.

ఆయన పోయి రెండేళ్ళయింది. కొట్టు మూతపడింది, పట్టుకారు యజమాని నాకే ఇచ్చేశాడు. అది పొయ్యి పక్క గోడకి వేలాడుతోంది. ఈ చలికి నాకు మళ్ళీ దగ్గు పట్టుకుంది. దగ్గిన ప్రతిసారీ చెవి ఆ టిక్కుమనే చప్పుడు కోసం ఒక్క క్షణం ఆగుతుంది. వినపడదు. పిలిచినా పలకని మనిషి మీద వచ్చేంత కోపం వస్తుంది ఆయన మీద. ఆ కోపంలోనే ఇంకోసారి దగ్గుతాను.